విలాసానికి కొలమానం: హైదరాబాదు హోటళ్ల తులనాత్మక పరిశీలన – కోట్‌పల్లి, అనంతగిరి ప్రాంత నేపథ్యం

సారాంశం

విలాస హోటళ్లను పోల్చేటప్పుడు నక్షత్రాల సంఖ్య, గది అద్దె, సౌకర్యాల పట్టిక అనే మూడింటినే సాధారణంగా ప్రమాణాలుగా తీసుకుంటారు. ఈ మూడూ అతిథికి లభించేదాన్ని చెబుతాయి గాని, ఆ హోటలు నిలిచిన ఊరికి లభించేదాన్ని చెప్పవు. హైదరాబాదులోని ప్యాలెస్ హోటల్, నగర మధ్యంలోని హోటళ్లు, ఐటీ ప్రాంతపు హోటళ్లు అనే మూడు వర్గాలను చరిత్ర, స్థలం, భోజనం, ఆర్థికస్థితి, స్థానిక సంబంధం అనే అంశాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పరిశీలన వల్ల తేలిన అంశాలను వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి, అనంతగిరి ప్రాంతాలకు అన్వయిస్తుంది.

కీలకపదాలు: విలాస హోటల్, ఆతిథ్యం, ఫలక్‌నుమా, పాయిగా, నక్షత్ర వర్గీకరణ, కోట్‌పల్లి జలాశయం, అనంతగిరి, పర్యాటకం.

1. ఉపోద్ఘాతం

తెలుగు వ్యవహారంలో 'హోటల్' అనగానే మొదట స్ఫురించేది భోజనం, ఫలాహారం దొరికే చోటు. రాత్రి బసకు 'లాడ్జి' అనే మాట వేరుగా ఉంది. ఈ విభజన వెనుక పాత అలవాటు ఉంది. పూటకూళ్ల ఇల్లు అన్నం పెట్టేది. సత్రం నీడ ఇచ్చేది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజన వర్ణన ఉంది. ఏ వంటకాలు వడ్డిస్తారో, ఎంతకు వడ్డిస్తారో కవి ఒకేచోట చెప్పడం గమనార్హం. వసతిగృహాలను రుచితోనూ వెలతోనూ తూచి చూడడం తెలుగువారికి కొత్త విషయం కాదనడానికి ఇది ఒక నిదర్శనం.

అన్నం, బస, వినోదం, సభ, వివాహం – అన్నీ ఒకే కప్పు కింద లభించే నేటి విలాస హోటలు మాత్రం వేరొక వ్యవస్థ. హైదరాబాదులో దీని ఎదుగుదల మూడు దశల్లో కనిపిస్తుంది. సంస్థాన కాలపు భవనాలు హోటళ్లుగా మారడం ఒకటి. 1970వ దశకం తరువాత బంజారాహిల్స్, బేగంపేట ప్రాంతాల్లో పెద్ద హోటళ్లు వెలయడం రెండవది. 2000 సంవత్సరం తరువాత మాదాపూర్, కొండాపూర్ వైపు విస్తరణ మూడవది.

ఈ పరిశీలనకు కోట్‌పల్లిని నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఉంది. నగరం నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కోట్‌పల్లి జలాశయం, దానికి చేరువలోని అనంతగిరి కొండలు నేడు హైదరాబాదువాసుల వారాంతపు విడుదులు. నగరంలో స్థిరపడిన విలాస భావన ఇప్పుడు ఈ కొండల వైపు ప్రయాణిస్తున్నది. అది ఏ కొలమానంతో ఇక్కడికి రావాలన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధానాంశం.

2. ప్రభుత్వ వర్గీకరణ – దాని పరిధి

భారతదేశంలో హోటళ్ల వర్గీకరణను కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ నిర్వహిస్తుంది. ఒకటి నుంచి ఐదు నక్షత్రాల వరకు, ఆపైన ఐదు నక్షత్రాల డీలక్స్ శ్రేణి ఉన్నాయి. 1950కి పూర్వం నిర్మితమైన కోటలు, ప్యాలెస్‌లు, హవేలీల వంటి భవనాల్లో నడిచే హోటళ్లకు 'హెరిటేజ్' అనే ప్రత్యేక వర్గం ఉంది. అందులో బేసిక్, క్లాసిక్, గ్రాండ్ అనే అంతరాలు ఉన్నాయి. వర్గీకరణకు దరఖాస్తు చేయడం హోటలు ఇష్టానుసారం జరిగేది. లభించిన శ్రేణి ఐదేళ్లు చెల్లుతుంది.

ఈ విధానం ప్రధానంగా సౌకర్యాల తనిఖీ. గదుల వైశాల్యం, వంటశాల శుభ్రత, అగ్నిమాపక ఏర్పాట్లు, దివ్యాంగులకు అనువైన గదులు మొదలైనవి పరిశీలనకు వస్తాయి. అవన్నీ అవసరమైనవే. అయితే ఒకే శ్రేణికి చెందిన రెండు హోటళ్ల మధ్య భేదాన్ని ఈ తనిఖీ చెప్పలేదు. చెరువు గట్టున ఉన్న హోటలూ కార్యాలయాల నడుమ ఉన్న హోటలూ ఒకే సంఖ్యలో నక్షత్రాలను ధరించవచ్చు.

విలాసానికి ప్రభుత్వం గీసిన మరొక గీత పన్ను రూపంలో ఉంది. 2017లో వస్తుసేవల పన్ను అమలైనప్పుడు రోజుకు 7,500 రూపాయల స్థాయి గదులను అత్యధిక శ్రేణిలో చేర్చి 28 శాతం పన్ను విధించారు. 2019 అక్టోబరు 1 నుంచి ఆ స్థాయిని మించిన గదులకు ఇది 18 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు పన్ను 5 శాతం మాత్రమే. ఫలితంగా గీతకు ఇటు 7,500 రూపాయల గదికి పన్నుతో కలిపి 7,875 రూపాయలు అవుతుంది. గీత దాటి 7,600 రూపాయలున్న గదికి 8,968 రూపాయలు అవుతుంది. అద్దెలో తేడా వంద రూపాయలు; అతిథి చెల్లించే మొత్తంలో తేడా వెయ్యికి పైగా. 'విలాసం' అనే మాటకు చట్టరీత్యా ఉన్న స్పష్టమైన అర్థం ఈ అంకెలోనే ఉన్నదనవచ్చు.

3. ప్యాలెస్ హోటల్: ఫలక్‌నుమా

హైదరాబాదు విలాస హోటళ్లలో తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్‌ది విశిష్టస్థానం. 'ఆకాశాన్ని పోలినది', 'ఆకాశ దర్పణం' అని దీని పేరుకు అర్థం చెబుతారు. చార్మినార్‌కు దక్షిణంగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఒక గుట్టపై ఉన్న ఈ భవనానికి 1884 మార్చిలో శంకుస్థాపన జరిగింది. నిర్మాణం దాదాపు దశాబ్దకాలం సాగింది. ఆంగ్లేయ వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్ దీనికి రూపకల్పన చేశాడు. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనబల్ల, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని పోలిన గ్రంథాలయం దీని ప్రత్యేకతలు.

దీన్ని కట్టించిన నవాబు వికారుల్ ఉమ్రా పాయిగా వంశీకుడు. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రి. వికారాబాద్ పట్టణానికి ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే. అంటే రాష్ట్రంలోని అత్యంత ప్రసిద్ధమైన విలాస హోటలుకూ, కోట్‌పల్లి ఉన్న జిల్లా కేంద్రానికీ మూలపురుషుడు ఒక్కడే. నిజాంకు సైన్యాన్ని పోషించే బాధ్యతతో పాయిగా కుటుంబాలకు జాగీర్లు లభించాయి. వికారాబాద్ ప్రాంతం అలాంటి జాగీరులో భాగం. జాగీరు గ్రామాల నుంచి వచ్చే భూమిశిస్తే ఆ కుటుంబాల వైభవానికి ఆధారం. ఈ దృష్టితో చూస్తే ఫలక్‌నుమా చరిత్రలో ఇటలీ పాలరాయితో పాటు జొన్నచేల రాబడికి కూడా చోటుంది. హోటలు పరిచయ పత్రాల్లో మొదటిది కనిపిస్తుంది. రెండవది సాధారణంగా కనిపించదు.

19వ శతాబ్దం ముగియకముందే భవనం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అధీనంలోకి వచ్చి రాజ్య అతిథుల విడిదిగా మారింది. 1911లో ఆయన మరణించింది కూడా ఇక్కడే. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస తరువాత ఈ భవనం చాలాకాలం మూతపడి ఉంది. 2000లో మొదలైన పునరుద్ధరణ రాకుమారి ఎస్రా పర్యవేక్షణలో దశాబ్దం పాటు సాగి, 2010 నవంబరులో 60 గదుల హోటలుగా తెరుచుకుంది.

అతిథిని ద్వారం నుంచి గుర్రపుబగ్గీలో తీసుకువెళ్లడం, భవన చరిత్రను నడిపిస్తూ వివరించడం ఇక్కడి ఆతిథ్యంలో భాగాలు. గదికన్నా గతాన్ని అనుభవించడానికే అతిథి ఎక్కువ చెల్లిస్తున్నాడు. గదులు తక్కువ కావడం ఇక్కడ లోపం కాదు, విలువ.

ఈ విజయం పక్కన మరొక భవనాన్ని ఉంచి చూడాలి. సర్ నిజామత్ జంగ్ 1915 ప్రాంతంలో కట్టించిన హిల్‌ఫోర్ట్ ప్యాలెస్, 1950వ దశకం నుంచి 'రిట్జ్' హోటలుగా నగరంలో పేరు పొందింది. 1990వ దశకంలో అది మూతపడింది. భవనం క్రమంగా శిథిలావస్థకు చేరింది. రెండూ వారసత్వ భవనాలే, రెండూ కొండమీదివే. ఒకదానికి దశాబ్దకాలపు పునరుద్ధరణ దక్కింది, రెండవదానికి దక్కలేదు. వారసత్వం ఉన్నంత మాత్రాన హోటలు నిలవదని, నిరంతర నిర్వహణే దాన్ని నిలబెడుతుందని ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

4. నగర మధ్యంలోని హోటళ్లు

బంజారాహిల్స్, బేగంపేట, సోమాజిగూడ ప్రాంతాల హోటళ్లు రాజకీయ, వాణిజ్య, వివాహ అవసరాల చుట్టూ ఎదిగాయి. బేగంపేట విమానాశ్రయం 2008 వరకు నగరానికి ప్రధాన ద్వారం కావడం వీటికి కలిసివచ్చింది. ఆ సంవత్సరం విమానాశ్రయం శంషాబాద్‌కు తరలిన తరువాత ఆ అనుకూలత తగ్గింది.

ఈ వర్గంలో పేర్లను గమనించడం ఆసక్తికరం. తాజ్ కృష్ణ మొదట కృష్ణా ఒబెరాయ్‌గా ప్రారంభమైంది. యాజమాన్య సంస్థ మారినా 'కృష్ణ' నిలిచింది. 188 గదుల ఐటీసీ కాకతీయ ఓరుగల్లు రాజవంశం పేరును ధరించింది. తాజ్ బంజారాకు పేరు తెచ్చింది అది ఉన్న కొండలూ చెరువూ. 2010లో ప్రారంభమైన ది పార్క్ హోటలు తన ముఖభాగపు లోహపు అల్లికను నిజాం ఆభరణాల నుంచి ప్రేరణ పొంది రూపొందించుకుంది. వంశం, కొండ, ఆభరణం – ఈ హోటళ్లలో కొన్ని స్థానికతలో ఏదో ఒక అంశాన్ని తమ గుర్తుగా ఎంచుకున్నాయి.

భోజనశాలల విషయంలో ఈ స్థానికత అంత సమంగా లేదు. తాజ్ కృష్ణలోని 'ఫిర్దౌస్', ఫలక్‌నుమాలోని 'అదా' హైదరాబాదీ, దక్కనీ వంటకాలకు పేరుపొందాయి. కాకతీయలోని 'దక్షిణ్' దక్షిణాది వంటలన్నిటికీ కలిపి ఒక వేదిక. కాని జొన్నరొట్టె, సర్వపిండి, పచ్చిపులుసు వంటి తెలంగాణ పల్లె వంటకాలు విలాస హోటళ్లలో ప్రధాన ఆకర్షణ స్థాయికి అరుదుగా చేరాయి. దర్బారు వంట విలాసంగా, రైతు వంట సామాన్యంగా భావించే అంతరం ఇక్కడ పనిచేస్తున్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన తరువాత కూడా ఆ పప్పు పేరు వంటకాల జాబితాలో కనిపించకపోవడం ఈ అంతరానికి చక్కని ఉదాహరణ కాగలదు. హలీమ్‌కు 2010లో దక్కిన ఇదే గుర్తింపు దాన్ని నగర చిహ్నంగా మార్చిన సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

5. ఐటీ ప్రాంతపు హోటళ్లు

2006 మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం హైదరాబాదులో జరిగింది. ఆ సమయానికి సిద్ధమైన అంతర్జాతీయ సమావేశ కేంద్రం, దానికి అనుబంధమైన నోవోటెల్ నగరపు ఆతిథ్య పటాన్ని పడమటివైపు జరిపాయి. తరువాత మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాల్లో అంతర్జాతీయ సంస్థల హోటళ్లు వరుసగా వచ్చాయి. 2018లో దుర్గం చెరువు సమీపంలో ప్రారంభమైన 271 గదుల ఐటీసీ కోహినూర్ వీటిలో ముఖ్యమైనది. గోల్కొండ రాజ్యపు గనుల్లో దొరికిన వజ్రం పేరును అది తీసుకుంది. గోల్కొండ కోటకు ఒకప్పుడు తాగునీరందించిన చెరువు అతిథి గది కిటికీలోంచి నేడు దృశ్యంగా మిగిలింది.

ప్యాలెస్ హోటలుకూ, ఐటీ ప్రాంతపు హోటలుకూ గల భేదాన్ని ఒక సంఘటన తేటపరుస్తుంది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ఆరంభమైంది. ఆ రాత్రి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇచ్చిన విందు ఫలక్‌నుమాలో జరిగింది. చర్చలకు ఒక రకమైన విలాసం, గౌరవానికి మరొక రకమైన విలాసం ఎంపికయ్యాయి. మొదటిది సామర్థ్యం మీద, రెండవది స్మృతి మీద ఆధారపడినవి. వీటిలో ఏది 'మెరుగు' అన్న ప్రశ్నకన్నా ఏది దేనికి తగినదన్న ప్రశ్నే సరైనది.

6. ఆర్థిక సూత్రం: అమ్ముడుపోని రాత్రి

హోటలు గది నిల్వ ఉంచగల సరుకు కాదు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేరు. అందువల్ల హోటళ్ల పనితీరును గది అద్దెతో కాక, ఉన్న గదులన్నిటిపై సగటు రాబడితో కొలుస్తారు. ఉదాహరణకు వంద గదుల హోటలులో అరవై గదులు పదివేల రూపాయలకు నిండితే ఒక్కో గదికి సగటు రాబడి ఆరువేలు. ఎనభై గదులు ఎనిమిదివేలకు నిండితే సగటు 6,400 రూపాయలు. అధికమైన అద్దె అధికమైన రాబడికి హామీ కాదు.

ఈ సూత్రం వల్ల మూడు వర్గాల కాలచక్రాలు వేర్వేరుగా ఉంటాయి. ఐటీ ప్రాంతపు హోటళ్లకు సోమవారం నుంచి గురువారం వరకు కార్యాలయ ప్రయాణికులు ముఖ్యం. నగర మధ్యంలోని హోటళ్లకు పెళ్లి ముహూర్తాలు ముఖ్యం. మూఢమి, ఆషాఢం వస్తే ఫంక్షన్ హాళ్లు వెలవెలబోతాయి. ప్యాలెస్ హోటలుకు దేశవిదేశాల పర్యాటకులు, విశేష సందర్భాలు ముఖ్యం. కోట్‌పల్లి పరిస్థితి వీటికి విలోమం. వారమంతా నిశ్శబ్దంగా ఉండే జలాశయపు కట్ట శని, ఆదివారాల్లో కార్లతో నిండుతుంది. ఐటీ ప్రాంతపు పనిదినాలు ముగిసిన చోట కోట్‌పల్లి రద్దీ ఆరంభమవుతుంది. ఇక్కడ కేవలం రెండు రాత్రుల గిరాకీని నమ్ముకొని పెద్ద భవనం కడితే మిగిలిన ఐదు రాత్రుల భారం దాని మీద పడుతుంది. ఆ భారం చివరకు తాత్కాలిక కూలీల జీతాల మీదికి జారడం సులభం.

7. కోట్‌పల్లి, అనంతగిరి: అన్వయం

అనంతగిరి కొండలు మూసీనదికి జన్మస్థానం. ఇక్కడి అనంతపద్మనాభస్వామి ఆలయం వల్ల ఇది యాత్రాస్థలం. చల్లని గాలి వల్ల ఒకప్పుడు క్షయరోగుల ఆరోగ్య కేంద్రానికి నెలవైంది. అంటే ఈ కొండలకు వచ్చినవారు మొదట భక్తులు, తరువాత రోగులు, నేడు విహారయాత్రికులు. ప్రభుత్వ పర్యాటక సంస్థ హరిత విడిది ఇక్కడ నడుస్తున్నది. కేంద్రప్రభుత్వ స్వదేశ్ దర్శన్ 2.0 పథకానికి తెలంగాణ నుంచి భువనగిరితో పాటు అనంతగిరి ఎంపికైంది.

కోట్‌పల్లి వాగుపై 1960వ దశకంలో నిర్మితమైన జలాశయం ప్రధానంగా సాగునీటి ప్రాజెక్టు. ఈ వైపు నీరు కాగ్నాలో కలిసి తాండూరు మీదుగా భీమానదికి చేరుతుంది. అనంతగిరికి తూర్పున మూసీ హైదరాబాదు వైపు సాగుతుంది. రెండు దారుల నీరూ చివరకు కృష్ణలోనే కలుస్తుంది. గత దశాబ్దంలో కోట్‌పల్లిలో స్థానిక యువకుల చేతుల మీదుగా కయాకింగ్ ప్రాచుర్యం పొందింది. రక్షణకవచం ధరింపజేయడం, తెడ్డు పట్టడం నేర్పడం, నీటిమట్టాన్ని గమనించడం – ఇవన్నీ ఊరివారి నైపుణ్యాలుగా రూపొందాయి.

ఇక్కడ పెద్ద హోటలు రావాలా వద్దా అన్న వాదంలో రెండు పక్షాలకూ న్యాయమైన ఆధారాలున్నాయి. విలాస హోటలు గదికి సాధారణ లాడ్జికన్నా ఎక్కువమంది పనివారు అవసరం. నగరంలో విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, గచ్చిబౌలిలోని నిథమ్ వంటివి తయారుచేసే ఉద్యోగాలు జిల్లా యువతకు ఊరి దగ్గరే దొరకవచ్చు. మరోవైపు ఈతకొలను, పచ్చికబయలు, దుప్పట్ల ఉతుకు – ప్రతి విలాస సౌకర్యమూ నీటితో ముడిపడినదే. నగరంలో ఆ నీరు గొట్టంలో వస్తుంది; దాని మూలం అతిథికి కనిపించదు. కోట్‌పల్లిలో మాత్రం మూలం కళ్లెదుటనే ఉంటుంది, దానికింద రైతుల పొలాలు ఉంటాయి. వాడిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే నష్టపోయేది అదే జలాశయం.

అందువల్ల ఈ ప్రాంతానికి నక్షత్రాల పట్టికతో పాటు మరికొన్ని ప్రశ్నలు అవసరం. హోటలు నీటిని ఎక్కడ తీసుకుంటుంది, ఎక్కడ వదులుతుంది? నేలకు తాండూరు నాపరాయి పరుస్తుందా, దూరదేశపు పాలరాయి తెప్పిస్తుందా? వంటశాలలో జిల్లా కంది, జొన్న ఎంతవరకు చేరతాయి? ఊరివారు కాపలా, శుభ్రత పనులకే పరిమితమవుతారా, కయాకింగ్ నేర్పిన యువకుల వలె నిర్వాహకులు కాగలరా? జలాశయపు కట్ట అందరికీ తెరిచి ఉంటుందా? ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలే ఇక్కడి విలాసానికి అసలైన శ్రేణిని నిర్ణయిస్తాయి.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నక్షత్ర వర్గీకరణ సౌకర్యాలకు కొలమానం; హోటలు స్వభావానికి గాని, ఊరితో దాని సంబంధానికి గాని కొలమానం కాదు.

2. హైదరాబాదు విలాస హోటళ్లు స్మృతి, హోదా, సామర్థ్యం అనే మూడు వేర్వేరు విలువలను అందిస్తున్నాయి. ఒక వర్గాన్ని మరొక వర్గపు ప్రమాణంతో తూచడం పొరపాటు.

3. పేర్లలోను, అలంకరణలోను స్థానికత బలంగా ఉన్నా, భోజనంలో దర్బారు సంప్రదాయానికే ప్రాధాన్యం దక్కింది.

4. ఫలక్‌నుమా, రిట్జ్ ఉదంతాలను కలిపి చూస్తే వారసత్వాన్ని కాపాడేది నిర్వహణ మాత్రమేనని తెలుస్తుంది.

5. కోట్‌పల్లి, అనంతగిరి ప్రాంతాలకు నగర నమూనా యథాతథంగా సరిపడదు. వారాంతపు గిరాకీ, సాగునీటి అవసరం, స్థానిక నైపుణ్యం అనే మూడింటికీ తగినట్టుగా చిన్న పరిమాణపు విడుదులు ఇక్కడ అనుకూలమైనవి.

వికారుల్ ఉమ్రా కాలంలో ఈ ప్రాంతపు రాబడి నగరానికి వెళ్లి భవనమైంది. నేడు నగరపు రాబడి విహారం రూపంలో ఈ ప్రాంతానికి వస్తున్నది. ఆ రాబడిలో ఊరికి నిలిచే పాలు ఎంత అన్నదానిపైనే ఈ రెండు కాలాల మధ్య తేడా ఆధారపడి ఉంటుంది.